పెనం కేసులో రెండు ముళ్ళు

పెళ్ళయి నెల తిరక్కుండానే నన్ను రెండో మగాడితో ముడివేశారు. మొదటి ముడి మా ఆడపడుచు వేసింది, నా పట్టుచీర కొంగుకీ ఆయన ఉత్తరీయానికీ. రెండోది కోర్టు సూపరింటెండెంటు శేషుకుమారి గారు వేశారు, నా నల్లకోటుకీ, అరవై దాటిన కామేశం గారి గౌనుకీ. మొదటి ముడికి తెల్లవారుజామున ముహూర్తం కుదిరింది. రెండోదానికి ఆఫీసు వేళల్లో ఎప్పుడైనా ఫరవాలేదన్నారు.

నేను లా ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. లాయరుని పెట్టుకోలేని వాళ్ళ తరఫున మాలాంటి విద్యార్థులు కోర్టులో వాదించవచ్చని ఆ ఏడే రూలొచ్చింది. అనుభవమున్న న్యాయవాది ఒకరు పక్కనుండి పర్యవేక్షించాలి, అంతే. మంచి రూలని కాలేజీలో మేమంతా చప్పట్లు కొట్టాం. అందులో ఒక వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. "విద్యార్థి వాదించునపుడు పర్యవేక్షకుడు చేతికందు దూరములో ఉండవలెను."

మొదటి వారంలోనే మా పట్టణం కోర్టులో ఒక సీనియరు గారు టీ తాగడానికి బయటికెళ్ళారు. ఆ సమయానికి సైకిలు దొంగతనం కేసు పిలిచారు.

"ఏం బాబూ, మీ క్లయింటు సైకిలు తీశాడా?" అని జడ్జిగారు మాటవరసకి అడిగారు.

ఆ విద్యార్థికి వృత్తి నైతికత పేపర్లో కాలేజీ ఫస్టు. "తీశాడండి. పొద్దున్నే నాతో చెప్పాడు" అన్నాడు.

సీనియరు గారు తిరిగొచ్చేసరికి క్లయింటు జైలు వ్యానెక్కేశాడు. కిటికీ ఊచల్లోంచి "టీ బాగుందాండీ?" అని అడిగాడట.

వెంటనే 'పర్యవేక్షణ దూర నిర్ధారణ కమిటీ' ఏర్పడింది. చేతికందే దూరమంటే ఎవరి చేతికి? సీనియర్లందర్నీ వరసగా నిలబెట్టి దర్జీని పిలిపించి చేతులు కొలిపించారు. పొడుగు చేతులవాళ్ళు తమకి పెద్ద కుర్చీలు కావాలన్నారు. పొట్టి చేతులవాళ్ళు ఇది వివక్ష అన్నారు. సగటు చెయ్యి తేల్చాక, కోర్టు నడుస్తున్నంతసేపూ టేపు పట్టుకుని నిలబడేదెవరన్న ప్రశ్న వచ్చింది. అక్కడ కమిటీ భోజనానికి లేచింది.

అధ్యక్షులవారు కొత్తగా కూతురి పెళ్ళి చేసి ఉన్నారు. చేయి కడుక్కుంటూ, "కొలవడమెందుకయ్యా? ముడేస్తే పోలా?" అన్నారు.

సర్క్యులరు సాయంత్రానికి వచ్చేసింది.

"పర్యవేక్షకుని గౌనునకును, విద్యార్థి కోటునకును మూడు మూరల కండువాతో ముడి వేయవలెను. ఒక ముడిలో నున్నవారందరి మాటయు ఒకే మాటగా పరిగణింపబడును. ముడి వేసిన అధికారియే ముడి విప్పవలెను. సదరు ముడికి వివాహ ఫలితములు వర్తించవు."

కండువా రంగు మీద మరో సమావేశం పట్టింది. పసుపు అంటే ఒక పార్టీ, కాషాయం అంటే ఇంకో పార్టీ, ఆకుపచ్చ అన్నవారిని మిగతా అందరూ అదోలా చూశారు. చివరికి ఎవరికీ ఇష్టంలేని ఖాకీ మీద ఏకాభిప్రాయం కుదిరింది. మూడు ముళ్ళు వేస్తే మరీ పెళ్ళిలా ఉంటుందనీ, ఒక్కటైతే ఊడిపోతుందనీ రెండు ముళ్ళు ఖాయం చేశారు.

ముడి వెయ్యాల్సింది ఆడపడుచు కాబట్టి ఆ హోదాని సూపరింటెండెంటు శేషుకుమారి గారికిచ్చారు. ఆవిడ ఆ బాధ్యతని ఎంత మనస్ఫూర్తిగా తీసుకున్నారంటే, ఖాకీ కండువాలని నాఫ్తలీను ఉండలతో బీరువాలో దాచి, తాళంచెవి మెళ్ళో వేసుకున్నారు.

*

నా మొదటి క్లయింటు కనకరత్నం. బస్సు డిపో ఎదురుగా తోపుడుబండి మీద పెసరట్లు వేస్తుంది. డిపోలో ఆవిడ చేతి అట్టు తినకుండా ఏ డ్రైవరూ బండి తియ్యడని చెప్పుకుంటారు. కాలిబాటకి అడ్డంగా ఉందని మునిసిపాలిటీవాళ్ళు బండి పట్టుకుపోదామని వచ్చారు. చక్రం కాలవలో దిగబడి బండి కదల్లేదు. ఉత్త చేతుల్తో వెళ్తే బాగుండదని, పెనం పట్టుకుపోయారు.

"బండి తీసుకుపోయినా ఏడ్చేదాన్ని కాదు పాపా" అంది రత్నమ్మ. "ఆ పెనం మా అత్తది. ఆవిడ పోయేముందు కొడుకుని నాకు అప్పగించలేదు, పెనం అప్పగించింది. రోజూ నూనె తగలకపోతే దానికి తుప్పు పట్టేస్తది. గోడౌనులో దానికి నూనెవడు రాస్తాడు?"

కొత్త పెనం కొన్నది గానీ అట్టు లేవడం లేదట. చిరిగిన అట్లు చూసి జనం పక్కనున్న నూడుల్సు బండికి మళ్ళుతున్నారట. పెనం త్వరగా వస్తే బేరం నిలుస్తుంది, తుప్పు తినేస్తే ఇక అంతే. పుస్తకాలన్నీ తిరగేసి పెనం విడుదలకి పిటిషను రాశాను. అంత అందమైన పిటిషను నేనెప్పుడూ రాయలేదు. మా ఆయన ఫణి దాన్ని చదివి, "పెనాన్ని ఇంతగా పొగిడావు, నా గురించి మన పెళ్ళి ఆల్బంలో రెండు ముక్కలే రాశావు" అన్నారు.

పేషీ రోజున శేషుకుమారి గారు బీరువా తెరిచి కండువా తీసి, దులిపి, కామేశం గారికీ నాకూ ముడివేశారు. వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఏమ్మా, మా లాంఛనం?"

"సర్క్యులర్లో లాంఛనం లేదండి" అన్నాను.

"వద్దనీ లేదు" అన్నారావిడ. "సరే, బాకీ ఉంచుకుంటాను. విప్పేటప్పుడు చూద్దాం."

కోర్టు వరండాలో రత్నమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసింది. "ఏం పాపా, నా పెనం కోసం నిన్ను కట్టేశారా?"

"రూలత్తా."

"మా గేదెనీ ఇట్టాగే కడతాం. అది పాలిస్తది."

కామేశం గారు మంచివారు. ఆయనకి షుగరు, జేబు నిండా కేసులు. మా కేసు పిలవగానే నేను లేచి "యువరానర్, ఈ పెనం" అన్నాను. సరిగ్గా అప్పుడే పక్క హాల్లో ఆయన సొంత కేసు పిలిచారు. సీనియరుకి సొంత కేసు పిలుపు వినపడితే కాళ్ళు ఆగవు. ఆయన వెనకే నేనూ బయల్దేరాను. "ఒక నిరుపేద మహిళకి జీవనాధారం" అన్న ముక్క గుమ్మం దగ్గర పడింది. "దయచేసి విడుదల చేయవలసిందిగా" అన్నది వరండాలో, పల్లీలమ్మే ఆయనకి వినిపించింది.

జడ్జిగారు రాయించిన ఆర్డరు ఇది. "పిటిషనరు తరఫు విద్యార్థిని వాదిస్తూ వెళ్ళిపోయినందున వాదన పూర్తిగా వినబడలేదు. వాయిదా."

తర్వాతి పేషీలో ఆయన కదలకుండా నిలబడ్డారు. నేను రెండు వాక్యాలు పూర్తి చేశాను. మూడో వాక్యానికి ఆయన మొహం మారింది.

"అమ్మాయ్, అర్జంటు" అన్నారు, నోరు కదపకుండా.

ప్రకృతి అవసరాలకి తాత్కాలిక విముక్తి కోరుతూ రెండు ప్రతుల్లో దరఖాస్తు పెట్టాలి. పెట్టాం. మునిసిపాలిటీ తరఫు వాళ్ళ అభ్యంతరం ఏమైనా ఉందా అని జడ్జిగారు అడిగారు. వాళ్ళ సీనియరు ఆలోచించుకోవడానికి వ్యవధి కోరారు. కామేశం గారు ఆయన్ని చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. "మానవతా దృక్పథముతో అనుమతించడమైనది" అని ఆర్డరు టైపయి, సీలుపడి, శేషుకుమారి గారొచ్చి ముడివిప్పేసరికి కోర్టువేళ అయిపోయింది. మళ్ళీ వాయిదా.

ఆ సాయంత్రం రత్నమ్మ గోడౌను కిటికీలోంచి పెనాన్ని చూసొచ్చింది. వచ్చి నా పక్కన మెట్ల మీద కూచుంది.

"అంచంతా ఎర్రబడింది పాపా" అంది. "ఇంకో రెండు వాయిదాలైతే నడిమికొస్తది."

*

ఇంట్లో మా అత్తగారికి సర్క్యులరు చదివి వినిపించాల్సి వచ్చింది.

"పెళ్ళయి నెల కాలేదు, ఇంకొకళ్ళతో ముడేవిటమ్మా?"

"దీనికి వివాహ ఫలితాలు వర్తించవత్తయ్యా. ఇదిగో, నాలుగో వాక్యం."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నాలుగో వాక్యం రెండుసార్లు చదివారు. "సంతకం ఉంది, సీలుంది. సరేలే" అని, "ఆ కామేశం గారి భార్యకి కూడా ఓ కాపీ పంపించారా?" అన్నారు.

ఫణి కరెంటాఫీసులో పనిచేస్తారు. వైర్లు, ముళ్ళు, అతుకులు ఆయన విద్య. ఆదివారం నాడు తువ్వాలుతో నా చున్నీకీ తన చొక్కాకీ ముడివేసి, "నేను కామేశం గార్ని. నువ్వు వాదించు" అన్నారు. కొత్త కుక్కరే జడ్జి. నేను చట్టం చెప్తుంటే ఆయన కావాలని ఫ్రిజ్జు దగ్గరికి, పెరట్లోకి, గోడవారనున్న మల్లెమొక్క దగ్గరికి నన్ను లాక్కుపోయారు. నేను ఎక్కడా వాక్యం ఆపలేదు. కుక్కరు మూడు విజిల్సు వేసి నాకు అనుకూలంగా తీర్పిచ్చింది. పప్పు మాడింది. ఇద్దరం ఆనందంగా తిన్నాం.

"ఆ రూల్లో ఒకే మాట అని ఉందే, అదేంటి?" అన్నారు ఫణి, మాడుని పక్కకి గీకుతూ.

"విద్యార్థి చెప్పినా సీనియరు చెప్పినా ఒకటే అని. సైకిలు దొంగతనం లాంటిది మళ్ళీ జరక్కుండా."

"రెండు వైర్లు కలిపి చుట్టేస్తే అందులో ఏది ఏదో కరెంటుకి తెలీదు" అన్నారాయన. నాకు అప్పుడు మల్లెపూల మీద ధ్యాసుండి ఆ మాట వదిలేశాను.

*

కోర్టులో మాత్రం పరిస్థితి ముదిరింది. సీనియర్లు ఒక్కొక్కరే పర్యవేక్షణ మానుకున్నారు. ఒకాయన భార్య సర్క్యులరు నమ్మలేదు. ఒకాయన లిఫ్టెక్కితే విద్యార్థి బయటే ఉండిపోయి గౌను చిరిగింది. చివరికి మిగిలింది కామేశం గారొక్కరే. ఆయనకిది అలవాటైపోయింది. ఫైళ్ళు మేం మోస్తాం, కునుకు పడితే మా భుజం ఉంది. ఒకే రోజు ఐదుగురం ఆయనకి ముడిపడిన సందర్భాలున్నాయి. క్యాంటీను గుమ్మంలో ఎవరు ముందు వెళ్ళాలన్న తగువు రావడంతో 'ముడి ప్రవేశ క్రమ మార్గదర్శకములు' విడుదలయ్యాయి. అందులో మలుపుల గురించి విడిగా ఒక అధ్యాయం ఉంది.

మా పెనం కేసు మళ్ళీ వచ్చిన పొద్దున్న, మునిసిపాలిటీ తరఫు సీనియరు గారికి నడుం పట్టేసిందని కబురొచ్చింది. ఇంకో లాయరుకి బడ్జెట్టు లేదని మునిసిపాలిటీ కూడా లాయరుని పెట్టుకోలేని వాళ్ళలో చేరి, నా క్లాస్‌మేటు షఫీని పంపింది. పర్యవేక్షకుడు లేకుండా అతను నోరు తెరవకూడదు. వాయిదా వేస్తే రత్నమ్మ పెనం ఆశ వదులుకోవాల్సిందే. ఆవిడ గుమ్మం దగ్గర అట్లకాడ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. పెనం వస్తే అక్కడికక్కడే చూసుకుంటానని తెచ్చుకుందట.

శేషుకుమారి గారు పరిస్థితి గ్రహించారు. "అర్హత గల పర్యవేక్షకుడు కోర్టులో ఒక్కరే ఉన్నారు. ఒక ముడిలో ఇంతమందే ఉండాలని సర్క్యులరు చెప్పలేదు" అని, ఇంకో కండువా తీసి, మా ముడిలోనే కలిపి షఫీని కూడా కామేశం గారికి ముడివేశారు. కుడివైపు నేను, ఎడమవైపు షఫీ, నడుమ ఆయన.

"నేనూ ఆవిడకి లాంఛనం ఇవ్వాలా?" అని షఫీ నన్ను గుసగుసగా అడిగాడు.

"బాకీ పెట్టు."

కేసు పిలిచారు. కామేశం గారు నా వైపు వంగి, "తుప్పు గురించి గట్టిగా చెప్పు" అన్నారు. తర్వాత షఫీ వైపు వంగి, "తుప్పు ముందునుంచే ఉందని చెప్పు" అన్నారు. రెండు వైపులా న్యాయంగా పర్యవేక్షిస్తున్నానన్న తృప్తి ఆయన మొహంలో వెలిగింది.

"పెనం విడుదల చెయ్యాలండి" అన్నాను.

"చెయ్యకూడదండి" అన్నాడు షఫీ.

జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "ముడి ఒక్కటే కనబడుతోంది. కోర్టుకి రెండు మాటలు వినబడుతున్నాయి. ఇది సర్క్యులరుకి విరుద్ధం కదా?"

అప్పుడు నాకు కుక్కరు గుర్తొచ్చింది. మాడిన పప్పు, రెండు వైర్లు అన్నీ గుర్తొచ్చాయి.

"విరుద్ధమేనండి" అన్నాను. "ఒక ముడిలో ఉన్నవారందరి మాటా ఒకే మాట. నేను పెనం విడుదల చెయ్యమని లిఖితపూర్వకంగా అడిగాను, అది ఫైల్లో ఉంది. కాబట్టి ముడి మాట అదే. షఫీ గారు ఈ ముడిలో ఉన్నారు. కాబట్టి మునిసిపాలిటీ కూడా పెనం విడుదల చెయ్యమనే అడుగుతోందండి."

షఫీ సర్క్యులరు తీసి చదివాడు. వృత్తి నైతికతలో కాలేజీ సెకండు వచ్చింది ఇతనికే.

"అవునండి" అన్నాడు దిగాలుగా. "రూలు అలాగే ఉందండి. మేం కూడా అదే అడుగుతున్నాం. నేను ఇందాక అన్నది నేనన్నది కాదండి."

జడ్జిగారు కామేశం గారి వైపు చూశారు. "పర్యవేక్షకులు ఏమంటారు?"

ఆయన మొహం మళ్ళీ మారి ఉంది. "ఏదైనా త్వరగా అనండి యువరానర్" అన్నారు.

"అభ్యంతరం చెప్పేవారు లేనందున పెనం విడుదల చేయడమైనది" అని జడ్జిగారు రాయించారు. నేను రత్నమ్మ వైపు చూశాను. ఆవిడ అట్లకాడని గుండెకి హత్తుకుంది. ఆర్డరు ఇంకా అవ్వలేదు. "పెనము పూర్వపు పని స్థితిలోనే ఉన్నదని సూపరింటెండెంటు స్వయముగా నిర్ధారించవలెను. అంతవరకు ముడి విప్పరాదు."

"అంతవరకా?" అన్నారు కామేశం గారు, నీరసంగా.

ఆయన్ని ఎలా ఆదుకున్నామన్నది ఇక్కడ చెప్పను. పెనం కోసం అందరం గోడౌనుకి వెళ్ళినప్పుడు అక్కడి వాచ్‌మన్ సహకరించాడు. షఫీ, నేనూ గోడకి అటువైపు తిరిగి జాతీయ గీతం పాడాం. మూడు మూరల కండువా ఎందుకు పెట్టారో నాకు అప్పుడే అర్థమైంది.

*

పెనం బయటికి తెచ్చారు. అంచు దాటి ఎర్రదనం నడిమికి పాకుతోంది. రత్నమ్మ దాన్ని రెండు చేతుల్తో అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. మునిసిపాలిటీనీ తిట్టలేదు, మమ్మల్నీ తిట్టలేదు. కొంగుతో తుడిచింది. కొంగు ఎర్రబడింది.

డిపో ఎదురుగా బండి దగ్గరికి అందరం నడిచాం, ప్రవేశ క్రమ మార్గదర్శకాల ప్రకారం. డ్రైవర్లు బస్సులాపి చూశారు. రత్నమ్మ ఇసుకా ఉప్పూ వేసి పెనం తోమింది, కడిగి పొయ్యి మీద పెట్టింది, ఉల్లిపాయ సగానికి కోసి నూనెలో ముంచి రుద్దింది. రుద్దుతూనే ఉంది. పొగ లేచింది. పిండి పోసి, గరిటె వెనకతో తిప్పింది.

మొదటి అట్టు అంటుకుపోయింది.

"అంటుకున్నది" అని శేషుకుమారి గారు రాసుకున్నారు.

రెండోది సగం లేచి చిరిగింది. "పాక్షికముగా లేచినది" అని రాసుకున్నారు. మూడోదీ అంతే. కామేశం గారు షుగరు మాత్ర వేసుకున్నవారు, చిరిగిన అట్లని జాలిగా చూశారు. షఫీ ఒక ముక్క తిని, "ముడి తరఫున" అన్నాడు.

రత్నమ్మ ఎవర్నీ చూడటం లేదు. మళ్ళీ ఉల్లిపాయ, మళ్ళీ నూనె. "అత్తా, ఒక్కసారి" అంది పెనంతో, నాతో కాదు. పిండి పోసింది. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర చల్లింది. అంచులు ఎర్రగా కాలి పైకి లేచాయి. అట్లకాడ కిందకి పోనిచ్చింది. అట్టు పెనాన్ని వదిలేసింది, తనంతట తానే వచ్చేసినట్టు. డిపోలో ఎవరో హారను కొట్టారు.

రత్నమ్మ ఆ అట్టు ఎవరికీ ఇవ్వలేదు. ఆకులో పెట్టి తిన్నగా శేషుకుమారి గారి చేతికిచ్చింది. "ఈ పాప లాంఛనం బాకీ ఉందంటగా. ఇదిగో."

శేషుకుమారి గారు పెన్ను మూశారు. అట్టు మొత్తం తిన్నారు, నిలబడే. తర్వాత "పూర్వపు పని స్థితి కన్నా మెరుగు" అని రాసి సంతకం పెట్టి, ముడి విప్పబోయారు. రోజంతా లాగి లాగి ముడి బిగిసిపోయింది. ఆవిడ గోళ్ళకి లొంగలేదు. రత్నమ్మ అట్లకాడ కొస ముడిలోకి దూర్చి, అట్టు తిరగేసినట్టే ఒక్క తిప్పు తిప్పింది. "విప్పింది నేనే" అని శేషుకుమారి గారు ముడి మీద వేలు పెట్టారు, సర్క్యులరు కోసం. కామేశం గారు వెనక్కి చూడకుండా డిపో మరుగుదొడ్ల వైపు నడిచారు. ఒంటరిగా నడవడం మర్చిపోయి కొంచెం పక్కకి ఒరిగారు.

అప్పుడే ఫణి స్కూటరు మీద వచ్చారు. రత్నమ్మ ఆయన్ని పైనుంచి కిందకి చూసి, "కొత్త పెళ్ళికొడుకా?" అని ఇంకో అట్టు వేసి ఇద్దరికీ కలిపి ఒకే ఆకులో పెట్టింది. మేం స్కూటరెక్కబోతుంటే శేషుకుమారి గారు ఆపారు.

"ఆగండి. విద్యార్థిని కోర్టు పని ముగించుకుని ఇంటికి చేరేవరకు పర్యవేక్షణ లేకుండా వదలకూడదు. మీరెవరు?"

"భర్తనండి."

"మీ ముడేది?"

"పెళ్ళి రోజునే విప్పేశారండి" అన్నారు ఫణి, ఫిర్యాదు చేస్తున్నట్టు.

ఆవిడ ఖాకీ కండువా దులిపి, నా కోటుకీ ఆయన చొక్కాకీ శ్రద్ధగా రెండు ముళ్ళు వేశారు. ఒక క్షణం ఆలోచించి మూడోది కూడా వేశారు.

"ముడి వేసిన అధికారే విప్పాలి కదండీ" అన్నాను. "మరి ఇంటికెళ్ళాక ఎవరు విప్పుతారు?"

శేషుకుమారి గారు దీర్ఘంగా ఆలోచించారు. "అది కమిటీకి రాయాలి" అన్నారు.

రాశారు. కమిటీ ఇంకా ఆలోచిస్తోంది. మాకేం తొందర లేదు.